అడ్డుతెర

తెర నడిమికి కాస్త ఎడంగా
నిట్టనిలువునా ఆకుపచ్చ గీత.
నేను దిద్దుతున్న పెళ్లికార్డులో
చి॥కీ చి॥ల॥సౌ॥కీ మధ్య
ముహూర్తం దాటినా ఎవరూ దించని అడ్డుతెర.

వారంటీ ఇంకా పదకొండు రోజులుంది.
పాత దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని
అల్లిపురం నుంచి డాబాగార్డెన్స్‌కి ఆటోలో.
కౌంటర్ మీద ప్లగ్గు పెట్టగానే
కొత్తల్లుడిలా బుద్ధిగా వెలిగింది.

"గీతేదండీ? నాకేటీ అగుపడ్డం లేదు."
పైడిరాజు తెర వదిలేసి నా కళ్లకేసి చూశాడు.
"సముద్రమున్న ఊరు కదండీ, గాలి పట్టేస్తాది.
ఉప్పుకి వారంటీ ఉండదు మరి."

ఇంటికొచ్చి స్విచ్చేస్తే
మళ్లీ అక్కడే, అదే గీత.

తెల్లారగానే ఫొటో తీశాను,
వెనక గోడ మీది క్యాలెండరు
పాలలెక్కల టిక్కులతో సహా పడేలా.
ఇంకా పది.