జెండా పాట అయిపోయినంక

ఎనుమాముల యార్డుల లైట్లు సగం ఆర్పినంక
ఓదెలు సేటు అడ్తిల ఇంకో బజారు తెరుస్తరు.
రాత్రి ఎనిమిదింటికి సముద్రాలవతల గంట కొడతరట.
ఇక్కడ మాకు మిర్చి కోరుకు తుమ్ములు.

నేను దడ్వాయిని.
కాంటల అంకె ఎక్కడ ఆగితే అది చదువుత,
అంతకన్న ఎక్కువ మాట్లాడే హక్కు లేదు నాకు.
అందుకే బస్తా మీద కూసొని వింట.

కాజీపేటల గార్డు కొలువు చేసి దిగిన సారంగపాణి సారు
ఎర్ర కంపెనీ దిక్కు.
"ఐదు గిగాహెర్ట్జ్ దాటిచ్చిండ్రు, ఇంకేం గావాలె"
అని పచ్చజెండా ఊపినట్టు చెయ్యి ఊపుతడు.
సేటు పైసలన్నీ నీలం కంపెనీల.
"ఉరుకుడు కాదు సారూ, దిగుబడి చెప్పు.
పలకకు ఎన్ని చిప్పులు? అండ్ల పుచ్చు ఎన్ని?"

దిగుబడి అనంగనే నా తల దానంతటదే లేసింది.
ఎకరానికి ఎన్ని క్వింటాళ్లని
నర్సంపేటోళ్లను, పరకాలోళ్లను
పొద్దటి సంది నలభై మందిని అడిగిన నోరు ఇది.

"ఎర్రోడు నిన్న ధర కోసిండు, నూటికి పదిహేను."
"గెలిచేటోడు కోస్తడు" సారు.
"గోదాం నిండినోడు కోస్తడు" సేటు.
చాయ్ చల్లారింది, ఎవరూ తాగలే.

చౌరస్తాల కంప్యూటర్లు బాగుచేసే ఫసియుద్దీన్
అంగీ జేబుల నుంచి సచ్చిన చిప్పొకటి తీసి
సాసర్ల పెట్టిండు.
"ఒక్క పలక మీదనే పుడతయి సేటూ అన్నీ.
దమ్మున్నదానికి పెద్ద పేరు, పెద్ద ధర.
ఆయాసపడేదానికి రెండు అర్రలు మూసి తాళమేసి
చిన్న పేరు పెట్టి అమ్ముతరు."

"తాలు" అన్న నేను.

ముగ్గురూ నా దిక్కు తిరిగిండ్రు.
ఆరేండ్లల్ల ఆ అడ్తిల
తూకం కాని మాట నేనన్నది అదొక్కటే.

"తాలే" అన్నడు సేటు, తొడ మీద చరుసుకొని.
"అదెంతనో వాళ్లు చెప్పరు సూడు, దాస్తరు.
మూడు నెలలకోసారి లెక్కలు చదువుతరు గాని
పుచ్చెంత, మంచిదెంత, ఒక్కడు నోరిప్పడు.
పైసలు పెట్టినోనికి తెల్వొద్దా?
గింత అన్యాలం ఉంటదా?"

పొద్దుగాల మొగుళ్లపల్లి కొంరమ్మ
పద్నాలుగు బస్తాల చపాటా తెచ్చింది.
జెండా పాట ఒక్క కుప్పకు ఇరువై వేలు పలికింది,
ఆమె కుప్ప కాడ సేటు పిడికెడు తీసి ఊది
పదమూడన్నడు.
"తాలని ఎవలు జెప్పిండ్రు?" అని అడిగింది ఆమె.
ఎవలూ చెప్పలే.
బస్తాకు రెండు కిలోల తరుగు
నా చేత్తోనే రాసిన.
ఆ పెన్ను ఇంకా చెవి మీదనే ఉన్నది.

సేటు ఫోన్ల గీత కిందికి దిగుతున్నది.
నీలం కంపెనీది, ఎర్రగ.
"ఆగుతది, ఆగుతది" అనుకుంట
కన్నార్పకుండ చూస్తుండు, పాపం,
కొంరమ్మ కాంటా దిక్కు చూసినట్టే.

నాకేమనిపిచ్చిందో,
సాసర్ల చిప్పు తీసి కాంటా మీద పెట్టిన.
సున్నా.
ఇంకోపారి పెట్టిన. సున్నానే.
"తరుగెంత రాయాలె సేటూ?"

సారంగపాణి సారు ఒక్కడే నవ్విండు.
నవ్వి, గడియారం చూసుకొని
బండి టైమయిందని లేసిండు,
కొలువు దిగి ఎనిమిదేండ్లు.