వంకర కోత

గురువారం రెండింటికి, లైబ్రరీ వెనక గదిలో
తెల్లటి కాయితాలు పరిచి
ముందు నీళ్ళు పూయమంది ఐలీ.
మందపాటి కాయితం, తాగినంత తాగుతుంది,
తాగాక మెరుస్తుంది,
ఆ మెరుపు ఆరకముందే సిరా వెయ్యాలి. అదీ లెక్క.

ముప్పై ఒక్కేళ్ళు డండీలో బస్సు నడిపినవాణ్ణి.
నాకు లెక్కంటే ఇష్టం. స్టాపులంటే ఇష్టం.
ఈ నీలం సిరాకి స్టాపుల్లేవు.
చుక్క పడగానే ఎవరో పిలిచినట్టు
అంచుదాకా పరుగెత్తింది.
దాని వెనకే ఇటుకరంగు వదిలాను.
రెండూ కలిసినచోట
నవంబరు సాయంత్రం టే నది మీద కమ్మే రంగు.
పేరు లేదు దానికి,
గొడుగు వెతుక్కునే రంగు.

పక్క కుర్చీలో డూగల్ ఉప్పు చల్లుతున్నాడు,
చేపలకి చల్లినట్టే, పాత అలవాటు.
ఉప్పురవ్వ చుట్టూ సిరా ముడుచుకుని
పొక్కులు పొక్కులుగా విచ్చుకుంది.
"ఏం వేశావు?" అన్నాను.
"నేనేం వెయ్యలేదు, అదే వేసుకుంది."

మరుసటి వారం కత్తులిచ్చింది ఐలీ.
బాగా వచ్చిన కాయితాన్నే కొయ్యమంది.
గదిలో ఎవరూ కదల్లేదు.
మోరా తన కాయితాన్ని మెల్లగా
కోటు కింద దాచేసింది.

నా చేతులు రెండేళ్ళుగా వణుకుతున్నాయి.
టీ కప్పు సాసరు మీద పళ్ళు కొరుకుతుంది.
చొక్కా బొత్తాలతో పొద్దున్నే పంచాయితీ.
ఇనుప స్కేలు ఆనించి, ఊపిరి బిగబట్టినా
కత్తి దారి తప్పింది.
ఒక్క పీలికా తిన్నగా లేదు.
"పాడుచేశాను" అన్నాను.
ఐలీ నా స్కేలు తీసి సొరుగులో పెట్టేసింది.
అంతే. ఇంకేం అనలేదు.

పడుగు నీలం. పేక ఇటుకరంగు.
ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా.
వంకర పక్కన వంకర ఒదగాలంటే
గోటితో నెట్టాలి, ఆగాలి, మళ్ళీ నెట్టాలి.
గళ్ళు వాలాయి, ఉబ్బాయి,
ఒకచోట ఇరుకు, ఒకచోట సందు,
సందులోంచి బల్ల చెక్క కనిపిస్తోంది.
పడవ కాదు. కొండ కాదు.
నది కాదని మాత్రం చెప్పలేను.

మా అమ్మ ఎఫీ జనపనార మిల్లులో నేసేది.
రెండొందల మగ్గాల మోత, పక్కమనిషి అరుపు పక్కనే మునిగిపోయేది.
అందుకని ఆ ఆడవాళ్ళు వేళ్ళతో మాట్లాడుకునేవారు.
అమ్మ ఇంటికొచ్చేది,
చెవులు మిల్లులోనే ఉండిపోయేవి.
మాకా భాష నేర్పలేదు. బడికెళ్ళే పిల్లలకెందుకూ అని.
తలుపు చాటునుంచి రెండు మాటలు దొంగిలించాను:
బొటనవేలు చెంపకానిస్తే, మేస్త్రీ వస్తున్నాడు.
వేళ్ళన్నీ అల్లాడిస్తే, మరోసారి చెప్పు.

ఆఖరి పీలిక కిందనుంచి లాగుతుంటే
నా వేళ్ళన్నీ అల్లాడాయి.
దానికి అర్థముందని అనను.
డాక్టరు చెప్పిన అర్థమే దానికి, మాత్రలు కూడా రాశాడు.
కానీ ఎదుట అమ్మ కూర్చుని ఉంటే
నేనడిగాననుకుని
అదేదో మళ్ళీ మొదట్నించి చెప్పేది.

వెనక టేపు అంటించి
"పైవైపు ఏది?" అంది ఐలీ.
నాలుగువైపులా తిప్పాను.
"వాన పడే వైపు" అన్నాడు డూగల్, కోటు వేసుకుంటూ.
వచ్చే గురువారం చెబుతానన్నాను.
బస్సు వేళయింది.