పరుపు గడ్డి

నూట పన్నెండు నిన్న రాత్రి పోయింది.
ఎరువుల సంచిలో చుట్టి, సంచి మూతికి
తన మఫ్లరే కట్టి తెచ్చాడు ముస్లుం.
"మెడ వాలకుండా పట్టుకొచ్చాను, షెహ్రిబాన్ హనమ్"
అన్నాడు,
చచ్చాక కూడా మెడ పట్టేస్తుందన్నట్టు.

బోడితల కంకణం పిట్ట.
నల్లటి ఒళ్ళు, దీపం కిందకి జరిపితే నెమలికంఠం రంగు.
నెత్తి మీద ముసలి ముడతలు, ఎర్రటి కొడవలి ముక్కు.
ఎడమ కాలికి అల్యూమినియం కడియం: ఒకటి, ఒకటి, రెండు.
కొండల్లో పుట్టి ఉంటే ఈపాటికి ఎడారి దాటేది.
వలసకి వదిలినవాటిలో తిరిగొచ్చినవి వేళ్ళ మీద లెక్క
గనుక, చలికాలమంతా వల కప్పిన పంజరంలోనే
యూఫ్రటీస్ ఒడ్డున.

బరువు తొమ్మిది వందల నలభై గ్రాములు.
రొమ్ము ఎముక కత్తిలా తేలింది.
పక్షి తన జబ్బు చెప్పుకోదు.
గుంపులో నీరసపడ్డదే గద్ద కంట పడుతుందని
గుడ్డులోనే నేర్చుకుని వస్తుంది.
చివరి రోజు దాకా తింటున్నట్టే నటిస్తుంది,
కైమా ముద్ద ముక్కుతో ఎత్తి
మళ్ళీ అక్కడే జారవిడిచి.

కత్తెర వేశాను.
గాలి తిత్తులు సబ్బు బుడగ పొరలా ఉండాలి,
వెనక కాగితం పెడితే అక్షరాలు చదవగలిగేంత పల్చగా.
ఇక్కడ మీగడ కట్టాయి.
కుడి తిత్తిలో, చొక్కా బొత్తామంత మేర
పచ్చటి నూగు.
నాలుగు రోజుల రొట్టె మీద వచ్చే బూజే.
ఊపిరి ఆడాల్సిన చోట తోట వేసుకుంది.

ఈ చలికాలంలో ఇది ఆరోది.

గాలి, నీళ్ళు, మేత, రెట్ట, గోడ సున్నం
అన్నిటినీ గాజు పళ్ళాల్లో నాటి
వెచ్చని పెట్టెలో పెట్టాను.
అన్నీ ఏదో ఒకటి మొలిపించాయి గానీ
ఒక్కదాంట్లోనే మూత దాకా పాకింది, అదే పచ్చ.
చీటీ తిప్పి చదివాను.
మళ్ళీ నాటాను. మళ్ళీ చదివాను.

పరుపు గడ్డి.

నవంబరు వానలు వెలిసాక తమ్ముడి పొలం నుంచి
ట్రాక్టరు అద్దె సొంత జేబులోంచి ఇచ్చి తెచ్చిన గడ్డి.
ఉత్తరపు గాలికి పిట్టల వేళ్ళు కొంకర్లు పోతాయని
జానెడు మందాన పరిచి, పొద్దున్నే చేతులతో విదిలించి,
పిడికెడు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు.
"తియ్యగా ఉంది వాసన, తేనెలాగ" అనేవాడు.
ఆ తీపే అది.
రోజూ పొద్దున్నే. విదిలించిన ప్రతిసారీ.

రిపోర్టులో 'మూలం' అని ఒక గడి ఉంటుంది,
రెండు మాటలు పట్టేంత.
ఎవరు పరిచారన్న గడి లేదు.
ఆ ఫారం అచ్చు వేయించినవాడెవడో గానీ
వాడికో దణ్ణం.

అయినా చెప్పాలి కదా. వరండాలో చెప్పాను.
టీ గ్లాసు కింద పెట్టలేదు, పట్టుకునే ఉన్నాడు.
చాలాసేపటికి, "ఆరూనా?"
ఆరూ.
ఇరవై రెండేళ్ళ కిందట ఈ కంకణాల కోసం
కంకణం కట్టుకున్న మనిషి.
"ఇసక వేసుండాల్సింది" అన్నాడు, ఎవరితోనో.

తర్వాత దగ్గాడు.
లోపలెక్కడో ఎండుగడ్డి నలిగిన చప్పుడు.
పిట్టలో అయితే అది వినడానికి
నాకు స్టెతస్కోపు కావాలి, నిశ్శబ్దం కావాలి.
"ఎన్నాళ్ళుగా?"
"చలి కదా."
"రేపు పెద్దాసుపత్రికి రా. ఎక్స్‌రే తీయిద్దాం."
నవ్వాడు. "నా కాలికి నెంబరు లేదు హనమ్,
ఏ ఖాతాలో రాస్తారు?"

సోమవారం నుంచి ఇసకే.
నది ఒడ్డున జల్లెడ పట్టి,
రొట్టెల బట్టీవాణ్ణి బతిమాలి వేయించి తెస్తున్నాడు.
మిగిలిన పిట్టలు దాని మీద అడుగు పెట్టవు.
దూలం మీద ఒంటికాలితో వరసగా నిలబడి చూస్తాయి.
పంజరం మూల మోకాళ్ళ మీద కూచుని
వేలితో ఇసకలో పొడిచి పొడిచి
వాటికి చూపిస్తాడు, ఏం ఫర్వాలేదని.

నేను వలకి ఇవతల నిలబడి
దగ్గులు లెక్కపెడుతున్నాను.