రేపు నాకు నలభై

పెరంబూరు బ్యారక్స్ రోడ్డులో
అచ్చాఫీసు మీది మేడగది.
కింద పెళ్ళిపత్రికలు అచ్చవుతుంటే
పైన మా కుర్చీలు సన్నగా వణుకుతాయి.
కొత్తగా చేరినవాళ్ళు భూకంపమనుకుంటారు.
నెల తిరిగేసరికి
ఆ వణుకు లేందే మాట్లాడలేరు.

పది దాటింది, అందరూ వెళ్ళిపోయారు.
తాళంచెవి ఇంకో రెండు గంటలు నాదే.
నియమావళిలో ఏడో అంశం:
నలభై నిండిన సభ్యుడు సభ్యుడు కాడు.
సభ్యురాలు అన్నమాట అందులో ఇప్పటికీ లేదు.

రిజిస్టరు తీశాను.
మొదటి పేరు చెంగల్వరాయుడు, లోకో వర్క్స్‌లో ఫిట్టరు.
పాత స్లీపరు చెక్కతో
ఈ సుత్తి చెక్కి తెచ్చింది ఆయనే.
సభ మొదలవడానికి ఒక దెబ్బ, ముగియడానికి రెండు.
అరవై రెండులో మొదటి తీర్మానం ఒక వీధిదీపం గురించి.
రెండో తీర్మానం, మొదటిదాన్ని గుర్తుచేస్తూ.
మూడోదీ అదే.
పదకొండో నెలలో దీపం వెలిగింది.
ఆ రాత్రి పదిహేడుమంది కుర్రాళ్ళు దాని కింద నిలబడి
తర్వాత ఏం చెయ్యాలో తోచక
టీ తాగారట.

ఒక్కో పేరు మీద ఒక ఎర్రగీత.
ఎవరి గీత వాళ్ళే గీసుకోవాలి.
ఇది నియమం కాదు, అలవాటు.
ఒకాయన స్కేలు పెట్టి గీశాడు.
డెస్మండ్ గీత పేరు మీంచి కాక కిందుగా పోయింది,
కొట్టేసినట్టు కాదు,
ముఖ్యమైన మాటని గుర్తుపెట్టుకున్నట్టు.
దయానిధి చేరడానికి ఒక ఏడాది పెంచుకున్నాడు.
మునిరత్నం ఉండిపోవడానికి రెండేళ్ళు తగ్గించుకున్నాడు.
అందరికీ తెలుసు,
మినిట్స్‌లో మాత్రం ఎక్కడా లేదు.

ఎనభై ఏడు, ఆగస్టు: ఫిలోమినా, టెలిఫోన్ ఆపరేటరు.
తొమ్మిది చేతులు లేచాయి, ఎనిమిది లేవలేదు.
ఆమె కుర్చీ ఎక్కడ వెయ్యాలని అరగంట చర్చ.
ఆమె అప్పటికే కూర్చుంది.

నేను ఇరవై రెండేళ్ళకి వచ్చాను.
మూడు నిమిషాలు మాట్లాడితే సభ్యత్వం.
ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, వేదిక మీద ఇంగ్లీషు,
ఆవేళ మూడూ ముఖం చాటేశాయి.
నలభై సెకన్లు నేను మాట్లాడాను,
మిగతాదంతా కింది యంత్రం మాట్లాడింది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఎవరూ లేచి వెళ్ళలేదు.
రసీదు రాసిచ్చారు, యాభై రూపాయలు.

ఈ పేజీలు ఉబ్బి ఉన్నాయి, రెండువేల పదిహేను డిసెంబరువి.
వేరే పెద్ద పుస్తకం దొరక్క
దీన్నే తీసుకుపోయాం వ్యాసర్పాడి నీళ్ళలోకి.
వెనక పేజీల్లో నా చేతిరాత:
మూడో అడ్డవీధి, పసిపిల్ల, పాలు లేవు.
మేడ మీద ముసలాయన, ఇన్సులిన్.
పేరు చెప్పని ఆమె, చెప్పులు అడిగింది.
వాన లోపలికి దిగి ఎర్రగీతలన్నీ కరిగాయి,
వెళ్ళిపోయినవాళ్ళ మీదా ఉన్నవాళ్ళ మీదా
ఒకటే గులాబీ మరక.
మునిరత్నం వచ్చాడు ఆ రాత్రి, డెబ్భై దాటినవాడు,
లుంగీ ఎగ్గట్టి, టార్చి పట్టుకుని.
ఎవరూ ఆయన్ని వయసు అడగలేదు.

ఒకప్పుడు ఎనభై నాలుగుమందిమి.
ఇప్పుడు పదకొండు, రేపు పది.
నిన్న చేరిన మోక్షిత, మోచేతికి బ్యాండేజీ,
ఆఫీసు బస్సు దిగి నేరుగా వచ్చింది.
"ఇందులో చేరితే ఏం వస్తుందక్కా?"
పద్దెనిమిదేళ్ళు దాచుకున్న జవాబు ఉండేది నా దగ్గర.
రసీదు పుస్తకం వెతుకుతున్నట్టు
సొరుగులో చేయి పెట్టి కూర్చున్నాను.

పన్నెండవుతోంది.
ముహూర్తాల నెల, అచ్చుయంత్రం ఆగేలా లేదు.
అది ఆగితే గీత తిన్నగా వస్తుంది.
కాసేపు చూశాను.
ఆగలేదు.
గీశాను,
మొదట్లో సరిగ్గానే ఉండి
నా పేరు చివర్న వంకర పోయింది.

సుత్తితో రెండు దెబ్బలు కొట్టాను.
కింది నుంచి ఎవరో కేకేశారు,
"పైన ఎవరది?"