పద్నాలుగో షరతు

నలభై ఏళ్ళు గెనిమల మీద బతికినాను నేను.
చంద్రగిరి పక్క రెండు మామిడితోపుల నడుమ
రాయిని ఎవరు జరిపినారో
రాయిని చూసే చెప్పగలను.
జరిపిన రాయికి ఒక పక్క పాచి ఉండదు.

మొన్న చెంగల్రాయులు తెచ్చిన కాగితాలకు
పాచీ లేదు, మట్టీ లేదు.
ఎనభైనాలుగు పేజీలు,
ప్రతి పేజీ అడుగునా ఎవరివో పొడి అక్షరాలు.

వికృతమాల దగ్గర రేకుల షెడ్డులో
ఆయనకొక మిషను ఉండాది.
గోరంత సిలికాన్ బిళ్ళ మీద
వెంట్రుకలో వెయ్యోవంతు గీటు వంకరపోయినా పట్టేస్తుంది.
మిషను ఆయనది, దాని మీద అప్పు ఆయనది,
లోపలి తెలివి మాత్రం బాడుగకు.

ఆ తెలివి పుట్టిన దేశం
ఇంకో దేశంతో మాటలు మానేసింది.
ఆ ఇంకో దేశంలోనే ఈయన సరుకు కొనేవాడున్నాడు.
ఉగాది మరుసటి రోజు పొద్దున్నే
తెర మీద ఎర్రగా ఒక్క వాక్యం:
అనుమతి రద్దయినది.
మిషను ఊపిరి తీస్తానే ఉంది, పని చెయ్యదు.

"నేనెవురితో కొట్లాడినాను సార్?"

వెతికినాను.
ఇరవై రెండో షరతులో దొరికింది:
దైవికమైన ఆటంకాలకు ఎవరూ బాధ్యులు కారు.
వరద, పిడుగు, భూకంపం,
అదే వరసలో, ఒక కామా తర్వాత,
ప్రభుత్వ ఉత్తర్వు.
ఏడుకొండల కింద ఇన్నేళ్ళున్నాను,
దేవుడి పక్కన కామా వేసి
గుమాస్తాను కూర్చోబెట్టడం ఇప్పుడే చూసినాను.

తగవొస్తే సింగపూరులో తేల్చుకోవాలంట,
మూడో దేశం చట్టం ప్రకారం.
చిత్తూరు వాయిదాకు ఎర్రబస్సులో వచ్చి
కోర్టు బయట రాగిసంగటి తినిపోయే మనిషి.

వాళ్ళ ఇంజినీరుకు ఫోను చేసినాము.
ఆరేళ్ళుగా నవ్వుతా మాట్లాడినవాడే.
ఈసారి పక్కన లాయరు కూర్చున్నట్టుంది,
మీ పక్క వాన పడిందా అని మూడుసార్లడిగినాడు.
చెప్పడం కూడా ఎగుమతేనంట.
ఒకే గదిలో, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని
ఫలానా మరను పావుచుట్టు తిప్పమన్నా
సరిహద్దు దాటించినట్టే.
నేనెన్నడూ కొలవని గెనిమ ఇది,
నోటికీ చెవికీ నడుమ.

దేశమ్మ అని, ఏర్పేడు నుంచి వస్తుంది ఆ షెడ్డుకు.
మిషను వేడెక్కితే తిన్నని గీటును కూడా వంకరని చూపించేది.
తొలి బిళ్ళను ఎట్లా పెట్టి, ఎన్నిసార్లు ఉత్తగా తిప్పితే
ఆ చూపు సరిపడుతుందో
రెండేళ్ళు చెవితో విని కనుక్కుంది.
నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంది.

పద్నాలుగో షరతు అంటుంది:
వాడుకునేవారు చేసిన ప్రతి మెరుగూ ఇచ్చినవారిదే,
ముప్పై రోజుల్లో తెలియజేయవలెను.
కొత్త ఉత్తర్వు అంటుంది:
ఇచ్చినవారు మీ నుంచి ఏదీ పుచ్చుకోరాదు, వినరాదు.
చెప్పకుంటే మాట తప్పినది మేము,
చెప్తే నేరం చేసినది వాళ్ళు.

"నీది కాదమ్మా. వాళ్ళు తీసుకునేదానికీ లేదు."
"అయితే యాడుండాది సార్ అది?"

పోరంబోకు అందామనుకున్నాను.
పోరంబోకుకైనా ఒక సర్వే నెంబరుంటుంది.

చివరికి ఒక నోటీసు రాసినాను:
మీదొకటి మా దగ్గరుంది.
అదేమిటో చెప్పేదానికి మాకు అనుమతి లేదు,
వినేదానికి మీకు లేదు.
దయచేసి తెలుసుకోగలరు.
పోస్టాఫీసులో పిల్లోడు రిజిస్టరు తిప్పుతా
లోపల ఏముంది సార్ అన్నాడు.
కాగితం, అన్నాను.

దేశమ్మ నోటుపుస్తకం నా బల్ల మీద పెట్టింది,
"రూలు ప్రకారం మీ దగ్గరే ఉండనీండి."
గడప దాకా పోయి మళ్ళీ వచ్చింది.
"పాల లెక్క నాదే కదా సార్?"
నీదే, అన్నాను.
నిదానంగా ఆ నాలుగు కాగితాలు చింపుకుని
మడిచి, రొంటిన దోపుకుంది.

కాగితానికి వెనక పక్క కూడా ఉంటుందని
నేను గుర్తు చెయ్యలేదు.