మాఫీ

ఫర్వానియా పెద్దాస్పత్రిలో
పదకొండో నంబరు కిటికీ ముందర నేల నాది.
తుడిచేదానికి జీతమిస్తారు.
మాట మోసేదానికి ఇయ్యరు,
అయినా అరబ్బీ రాని మనోళ్ళు
మాపుకర్ర గుర్తుపట్టి నా కాడికే వస్తారు.

బుధవారం పెంచలయ్య వచ్చినాడు.
పుల్లంపేట మనిషి, వఫ్రాలో టమేటా తోట పని.
కుడికాలికి గోనెగుడ్డ,
గుడ్డలో బొటనవేలు, వేలికి చక్కెర.
తోటలోంచి తోడొచ్చిన ఎరువు వాసనేమో అనుకుంటి.
కాదు, కాలే.

డాక్టరు ఒకే మాట చెప్పినాడు: తీసేయాల.
కిటికీ కూడా ఒకే మాట చెప్పింది: బతాకా.

బతాకా ఉంది.
జేబులో, ప్లాస్టిక్ కవర్లో,
రెండేండ్ల కిందటే చచ్చిపోయి ఉంది.
కఫీలు బీమా కట్టలేదు,
కట్టలేదన్న సంగతి ఈయనకు చెప్పనూ లేదు.
మిషన్లో నంబరు కొట్టి చూసి
"మాఫీ" అనింది కిటికీలో పిల్ల.

పెంచలయ్య మొగం తెల్లారింది.
బ్యాంకి లోన్లు మాఫీ అయిన ఏడు
వాళ్ళ ఊర్లో టపాకాయలు కాల్చినారంట.
"అంతా మాఫీనా అక్కా? ఏమీ కట్టబళ్ళేదా?"

ఎట్ల చెప్పేది.
మన కాడ మాఫీ అంటే కొట్టేసినారని,
ఈడ మాఫీ అంటే లేదని.
మిషన్లో నువ్వే లేవంటన్నా అని చెప్పినాను.
"ఉండాను గదక్కా," అన్నాడు,
తన చొక్కా తానే పట్టి చూపిస్తా.

నూట నలభై దీనార్లు.
రూపాయల్లోకి మార్చి చెప్పలేదు,
కొన్ని లెక్కలు రోగికి చెప్పకూడదు.

ఎనక వరండాలో ఇంగో గది ఉంది, సందూక్ అంటారు.
బీమా లేనోళ్ళకు, జీతం చాలనోళ్ళకు
ఆడ సర్కారు రోంత చెయ్యి కలుపుతుంది.
కూర్చునే ఆయమ్మ నౌరియా, మంచిదే.
ఫారమే మంచిది కాదు.
జీతం కాగితం కఫీలు ఇయ్యాల.
ఆ కఫీలు ఫోనెత్తడు.
ఇంటి నంబరు అడుగుతాది.
రేకుల షెడ్డుకు నంబరు యాడిది,
గాలొస్తే ఎగిరిపోయే ఇంటికి?

"మిస్కీనా?" అనింది నౌరియా పెన్ను పైకెత్తి.
బీదోడివా అని తిప్పి చెప్పబోతే
నోట్లోకి మా ఊరి మాటే వచ్చింది:
"లేనోడివా అంటాంది."

గుడ్డకాలు నేలకానిచ్చి నిలబడినాడు పెంచలయ్య.
"మూడెకరాలుంది. బోరుంది, నీళ్ళే లేవు.
లేనోడని రాపియ్యాకు అక్కా.
ఊర్లో తెలిస్తే అప్పు పుట్టదు."

ఉన్నోడని రాస్తే సందూకు తెరుచుకోదు.
లేనోడని రాద్దామంటే
ముందే మిషన్లో లేడు.
సాయం లేనోళ్ళకే.
ఆ లేనోడు మటుకు ముందు ఉండాల,
ఉండాడని ఒక కాగితముండాల.

నేను చేసింది తప్పో ఒప్పో.
"ఐవా, మిస్కీన్" అని ఆయమ్మకు,
"కష్టజీవి అని రాస్తాండారు" అని ఈయప్పకు.
రెండు బకెట్లు, రెండిట్లో వేరే వేరే నీళ్ళు.

నౌరియా మూడు ఫోన్లు చేసింది.
ఒకరితో కొట్లాడింది, ఎవరితోనో నాకు తెలీదు.
చాయ్ చల్లారింది. నమాజుకు పోయి మళ్ళా వచ్చింది.
సీలు పడింది:
తొంభై సందూకుది, మిగతా యాభై మీది.

యాభైలో పదిహేడు మా క్లీనింగోళ్ళం ఏసినాము.
నేపాలీ పిల్ల ధనమాయ అందరికంటే ఎక్కువిచ్చింది,
ఏంటికో అడగలేదు.
ముప్పైమూడు బాకీ. రాసిపెట్టుకున్నారు.

రసీదు వచ్చింది.
అరబ్బీలో ప లేదు, చ లేదు.
బెన్షలయ్య అని అచ్చయింది.
రెండేండ్లకు ఈ దేశంలో ఆయన ఉండాడు,
బ తో.
మడిచి చచ్చిన బతాకా పక్కనే పెట్టుకున్నాడు.

బండి మీద లోపలికి తోస్తాంటే
నా చెయ్యి పట్టుకోని అడిగినాడు:
"తీసిన వేలు యాడేస్తారక్కా?"

నాకు తెలుసు.
పసుపుపచ్చ సంచి, కింది అంతస్తు,
రాత్రి పన్నెండుకు బండి.
ఈ వారం ఆ సంచులు మోసే వంతు నాదే.

తెలీదన్నా అని చెప్పినాను.