తాళం తిప్పిన ప్రతిసారీ

పదకొండింటిలోగా మొఖోత్లోంగ్ ఆసుపత్రికి చేరాలి.
వెనక డబ్బాలో నలభై మూడు గొట్టాలు,
నలభై ముగ్గురి నెత్తురు.
పేర్లు ఉండవు వాటి మీద. అంకెలే.

బండి రెండువందల పది కిలోలు. నేను యాభై నాలుగు.
మొదటి రోజే న్తాతే త్లేలిమా అన్నాడు:
"దీన్ని తోసి గెలవలేవు పిల్లా, మాట్లాడి గెలవాలి."
ఆయన కుడిచేతికి మూడే వేళ్లు.
ముందు బ్రేకుకి రెండు చాలు,
నా దగ్గర ఒకటి ఎక్కువే ఉందని నవ్వేవాడు.

"తారు మీద ఏబీఎస్ నీకన్నా తెలివైంది.
చక్రం బిగుసుకోబోతే వదిలి, పట్టి, వదిలి,
నువ్వు రెప్ప వేసేలోగా
నాలుగుసార్లు నీ బదులు ఆలోచిస్తుంది.
కంకర మీద దానికి పిరికితనం.
రాయి కదిలిన ప్రతిసారీ చక్రం జారిందనుకుంటుంది.
వదిలేస్తుంది. వదులుతూనే ఉంటుంది.
నువ్వు ఆగమంటావు, అది చూద్దామంటుంది,
ఈలోగా లోయ వచ్చేస్తుంది."

బూటు మడమతో నేల మీద గీకి చూపించాడు.
బిగిసిన చక్రం గులకరాళ్లను ముందుకు తోసుకుంటూ పోయి
తను పోగేసుకున్న కుప్పకే తగిలి ఆగుతుంది.
"అందుకే వెనకదాని ఏబీఎస్ ఆపెయ్. ముందుదాన్ని ఉండనీ.
ముందుచక్రం బిగిస్తే ఎవర్నీ క్షమించదు."

పట్టూ విడుపూ తెలిసినవాడే పెద్దమనిషి అంటారు.
దీనికి రెండూ తెలుసు.
ఎక్కడ ఏదో తెలియదు.

ఆ ఉదయం కనుమ పైన ఆగాను.
గ్లవ్స్ లోపల వేళ్లు ఉన్నాయో లేదో అనుమానం.
తాళం తీసి, ఇంజను మీద చేతులు కాచుకున్నాను.
రెండు నిమిషాలు, అంతే.
మళ్లీ తిప్పాను. దిగడం మొదలెట్టాను.

మూడో మలుపులో గొర్రెలు.
దుప్పటి కప్పుకున్న కుర్రాడు,
రబ్బరు బూట్లు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు.
వెనక బ్రేకు తొక్కాను.
పాదం కింద టకటకటకటక,
పట్టుకున్న కప్ప గొంతులా అదురు.
బండి ఆగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది.
తాళం తీస్తే అన్నీ మరిచిపోతుంది ఇది.
నిన్నటి దారీ, నా బొటనవేలి మాటా,
త్లేలిమా మడమతో గీసిన గీతా.
పుట్టినచోట నేర్పిందొక్కటే జ్ఞాపకం:
లోకమంతా తారు.

బటను మూడు సెకన్లు నొక్కి పట్టాలి.
మూడు సెకన్లు లేవు.
ఉన్నా, కదిలే బండికి ఆ బటను వినిపించదు.
కాలు తీసేశాను.
గేరు ఒకటి దించాను, ఇంకొకటి. ఇంజను అరిచింది.
నిలబడి, బరువంతా వెనక్కి వేసి,
నిద్రపోతున్న పిల్ల పిడికిట్లోంచి
చెంచా తీసుకున్నంత మెల్లగా
రెండు వేళ్లు ముందు బ్రేకు మీద.
కొండ వైపు గట్టుకి ఒరిపాను.
గట్టు ఆపింది.
ఒక గొర్రె వచ్చి ముందు టైరు వాసన చూసి
బాగాలేదన్నట్టు తల తిప్పుకుంది.

కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.
నన్ను కాదు, డబ్బాని చూశాడు.
"నెత్తురా?"
"ఊఁ."
"మా అమ్మది ఉందా అందులో? బుధవారం ఇచ్చింది."
నాకు తెలిసినవి అంకెలే.
"ఉంది," అన్నాను.
నలభై మూడూ లెక్కపెట్టాను, వాడు చూస్తుండగా.
ఒక్కటీ పగల్లేదు.

బొటనవేలు నొక్కిపెట్టాను. ఒకటి, రెండు, మూడు.
పసుపుపచ్చ దీపం కన్ను కొట్టింది.
ఈసారి వెనకచక్రం నేను చెప్పినచోట
కొంచెం తోక ఊపి, ఆగింది.

కింద వంతెన దాటాక తారు.
వాన పడుతోంది, రోడ్డు అద్దంలా ఉంది.
పక్కకి ఆపి తాళం తీశాను.
మరిచిపో, అన్నాను దాంతో.
ఇక్కడ నువ్వు చెప్పిందే నిజం.
తిప్పాను.

పది నలభై ఆరు.